తొమ్మిది వందల ఊపిర్లకు ఒక గంట

మేము ఆ ఠాణాలో దిగింది ఆగస్టు నెలలో, ఒక మంగళవారం ఉదయం పదకొండు గంటలకు. రాజమహేంద్రవరం నుంచి పొగపడవ మమ్మల్ని మూడు రోజులు లాగింది. పోలవరం దాటాక నది సన్నబడింది. కొండలు రెండు వైపులా నీళ్ళ దాకా దిగి నిలబడ్డాయి. వరద నీరు ఇటుక రంగులో ఉంది. సన్నని వాన పడుతోంది. ఒడ్డున నడుం లోతు గడ్డి, రెండు తాటాకు పాకలు, చుట్టూ కర్రల కంచె. అదే ఠాణా.

మద్రాసు పటాలం నుంచి వచ్చిన మేము ముప్ఫై ఎనిమిది మందిమి. ఒక్కొక్కరికి తుపాకి, అరవై తూటాలు, కంబళి ఒకటి, లోటా ఒకటి, పదిహేను రోజుల బియ్యం, పప్పు, ఉప్పు చేప. జ్వరానికి క్వినైను ఒకే సీసా. అది మందులు చూసే డ్రెసరు దగ్గర ఉండేది. మా మీద ఒక సుబేదారు గారు, ఆయన కింద ఒక హవల్దారు. నేను నాయక్‌ను. అప్పుడు నాకు ఇరవై ఆరేళ్ళు. ఇప్పుడు నలభై ఏడు.

అది మన్యంలో పితూరీ జరుగుతున్న ఏడు. కల్లు మీద పన్ను వేశారని, కొండ ఊళ్ళ మీద పెత్తనం చేసే ముఠాదార్లు పీడిస్తున్నారని కొండవాళ్ళు తిరగబడ్డారు. వాళ్ళ బాధ అబద్ధమని నేను అనను. మా పని మాత్రం వేరు. ఎగువ ఠాణాలన్నిటికీ బియ్యం పడవల్లోనే వెళ్ళాలి. మా దగ్గర నది పెద్ద మలుపు తిరుగుతుంది. ఆ మలుపులో పడవ నెమ్మదిస్తుంది. అక్కడ దాని మీద ఎవరూ పడకుండా చూడడం మాకిచ్చిన ఆజ్ఞ.

అందుకు రెండు కాపలాలు. ఒకటి ఒడ్డు ఠాణా. రెండోది మలుపు పైన బోడి బండ మీద, గుట్ట ఠాణా. అక్కడ ముగ్గురు మనుషులు, ఒక ఇసుక గడియారం, చింత కొమ్మకు వేలాడగట్టిన ఒక కంచు జేగంట. ఉదయం అయిదు నుంచి రాత్రి తొమ్మిది దాకా గంటగంటకూ అది మోగాలి. మోగితే మలుపు కాపలాలో ఉందని పడవ సరంగుకు తెలుస్తుంది, పడవ కదులుతుంది. అడవిలో ఉన్నవాళ్ళకు కూడా తెలుస్తుంది, వాళ్ళు కదలరు. నాలుగు రోజులకొకసారి ఆ ముగ్గురినీ దింపి వేరే ముగ్గురిని పెట్టడం నా బాధ్యత. గుట్ట ఎక్కడానికి రెండు గంటలు. దారిలో ఒక వాగు.

నేను ఇది నా గొప్ప చెప్పుకోవడానికి రాయడం లేదు. రామచంద్రపురానికి నాలుగు మైళ్ళ దూరంలో ఒక ఊరుంది. ఆ ఊళ్ళో మస్తాను అనే దూదేకులాయన ఉన్నాడు. మాతో సిపాయిగా పనిచేశాడు. చుట్టుపక్కల సంతల్లో అతన్ని పిచ్చి సిపాయి అంటారు. అతనికి అజా ఇవ్వాలని ఉంది. అజా అంటే నమాజుకు పిలుపు. అక్కడి మసీదు పెద్దలు ఇరవై ఏళ్ళుగా ఇవ్వనివ్వడం లేదు. మతి సరిగా లేనివాడి అజా చెల్లదని మా ధర్మం. ధర్మం తప్పు కాదు. అతనికి మతి లేదన్న మాట తప్పు. ఆ మాట నాది. దాన్ని సరిచేయడానికే ఇది రాస్తున్నాను.

నేను రాజమహేంద్రవరంలో పుట్టిన ముసల్మానును. ఇంట్లో ఉర్దూ మాట్లాడేవాళ్ళం. చిన్నప్పుడు మౌల్వీ గారు బెత్తం పట్టుకుని అరబ్బీ అక్షరాలు పలికించారు. దూదేకులవాళ్ళు ఇంట్లో తెలుగు మాట్లాడే ముసల్మానులు. దూది ఏకి పరుపులు కుట్టడం వాళ్ళ వృత్తి. మావాళ్ళు చాలామంది వాళ్ళను సగం ముసల్మానులుగా చూసేవారు. నేనూ అలాగే చూశాను. ఆ చూపు లేకపోతే నేను చేసిన తప్పు చేసి ఉండేవాణ్ణి కాదు.

మొదటి వారంలో మస్తాను ఒడ్డు ఠాణాలో ఉదయం కాపలాకు నిలబడ్డాడు. మనిషి పొట్టి. మెడ గట్టిది. పెదవులు కదులుతున్నాయి. బొటనవేలు మిగతా వేళ్ళ కణుపుల మీద ఒక్కొక్కటిగా జరుగుతోంది. హవల్దారు నరసాపురం వైపు మనిషి. ఎవర్నీ ఊరికే వదిలే రకం కాదు.

"ఏంట్రా దూదీ, ఏం లెక్కెడుతున్నావు? మీ ఊరి కొబ్బరికాయలా?"

"అల్లాను తలుచుకుంటున్నానండి."

"తలుచుకోడానికి లెక్కెందుకురా? ఆయన హాజరీ తీసుకుంటాడా?"

"ఆయన కోసం కాదండి, నాకోసమే. లెక్క లేకపోతే బుర్ర మా ఇంటికెళ్ళి కూర్చుంటుందండి."

అందరూ నవ్వారు. ఆ తలచుకోవడాన్ని మేము జిక్రు అంటాం. ముప్ఫైమూడు సార్లు సుభానల్లా, ముప్ఫైమూడు సార్లు అల్హందులిల్లా, ముప్ఫైనాలుగు సార్లు అల్లాహు అక్బర్. కలిపితే వంద. నమాజు తరువాత ఎవరైనా చేస్తారు. మస్తాను రోజంతా చేసేవాడు. ఊపిరికొకటి. పైగా మాటలన్నీ తెలుగు యాసలో ఒత్తులు పోగొట్టుకుని వచ్చేవి.

"నీది అరబ్బీ కాదురా మస్తానూ, గోదావరి అరబ్బీ" అన్నాను నేను.

"గోదారి నీళ్ళే కదండీ నాయకు గారూ తాగేది" అన్నాడు. అతనూ నవ్వాడు. తరువాత ఇసుక గడియారం వైపు చూసి, "తొమ్మిది వందలకి ఇసుక అయిపోతుందండి. చూసుకోండి కావాలంటే" అన్నాడు.

నేను చూసుకోలేదు. ఎందుకు చూడాలి అనుకున్నాను. అతని తండ్రి దూది ఏకేటప్పుడు వింటి నారి మీద దెబ్బకొక పేరు చొప్పున అనేవాడట. ఒక పరుపు దూదికి ఇన్ని వందలని లెక్కట. ఒక్క వంద తగ్గినా దూది గడ్డలుగా ఉండిపోతుందని కొడుకును మందలించేవాడట. ఇది కూడా మస్తాను ఆ రోజే చెప్పాడు. నేను వింటూనే చెప్పుల వారు బిగించుకున్నాను.

ఆగస్టు చివర ఒక గురువారం ఉదయం ముగ్గురిని గుట్ట మీదికి పంపాను. ఒక లాన్స్ నాయక్, ఇద్దరు సిపాయిలు. ఆ ఇద్దరిలో ఒకడు మస్తాను. ముగ్గురికీ ఆరు రోజుల తిండి ఇచ్చాను. మర్నాటి నుంచి వాన పట్టుకుంది. మామూలు వాన కాదు. పాకల్లో కంబళ్ళు పిండితే నీళ్ళు కారేవి. తూటాలను కుండల్లో పెట్టి మైనం రాసి మూశాం. వాగు పొంగింది. జ్వరం దిగింది. ఆదివారానికి ముప్ఫై అయిదు మందిలో పందొమ్మిది మంది చాపల మీద ఉన్నారు. డ్రెసరు కూడా చాప మీదే పడుకుని మందు పంచేవాడు.

"నాకు పోయండి ముందు" అనేవాడు వణుకుతూ. "నేను పోతే మీకెవరు పోస్తారు?"

నాలుగో రోజు మార్పిడి చేయాలి. వాగు తాళ్ళతో కూడా దాటలేకపోయాం. అయిదో రోజూ, ఆరో రోజూ అంతే. అయితే జేగంట మోగుతూనే ఉంది. వాన హోరులో కూడా మలుపు మీది నుంచి సన్నగా, తేటగా వినిపించేది. ఆరుకు ఆరు, ఏడుకు ఏడు. సుబేదారు గారి దగ్గర జేబు గడియారం ఉండేది. ఆయన ప్రతిసారీ తీసి చూసేవారు. "ఎండా లేదు, చుక్కా లేదు. అయినా భలే కొడుతున్నారయ్యా మనవాళ్ళు" అనేవారు. ఆ వారంలో రెండు బియ్యం పడవలు మలుపు దాటాయి. సరంగు గంట విన్నాకే లంగరు ఎత్తాడు. ఒక్క బాణం పడలేదు.

ఏడో రోజు ఉదయం వాన విడిచింది. నేను ఒక్కణ్ణే వాగు దాకా వెళ్ళాను. నీళ్ళు నడుం దాకా తగ్గాయి. దాటవచ్చు. నాకు కూడా ముందురోజు నుంచి ఒళ్ళు కాలుతోంది. ఒడ్డు మీద కూర్చున్నాను. అప్పుడే పైన తొమ్మిది మోగింది. తొమ్మిది దెబ్బలూ లెక్కపెట్టాను. సమంగా ఉన్నాయి. ముగ్గురూ క్షేమంగా ఉంటేనే కదా ఇంత సరిగ్గా కొడతారు అనుకున్నాను. వెనక్కి వచ్చి హవల్దారుతో వాగు ఇంకా దాటే స్థితిలో లేదని చెప్పాను. ఆ మాట మీదే మరో మూడు రోజులు ఎవరూ వాగు వైపు వెళ్ళలేదు.

మొదటి అబద్ధం అది. అంత సరిగ్గా మోగింది కాబట్టే మస్తానును ఒంటరిగా వదిలేశాను.

పదకొండో రోజు ఉదయం ఏడు గంటలకు దొర పడవలో వచ్చాడు. ఆయన మా కంపెనీ కప్తాను. హాజరీ చూశాడు. గుట్ట ఠాణా మార్పిడి ఎప్పుడు జరిగిందని అడిగాడు. జరగలేదన్నాం. ఇప్పుడే వెళ్ళమన్నాడు. హవల్దారు, నేను, మరి నలుగురు ఎనిమిదిన్నరకు బయల్దేరాం. వాగు మోకాళ్ళ దాకా ఉంది. పైకి చేరేసరికి పదకొండుకు నాలుగైదు నిమిషాలు తక్కువ.

పాక ఒక పక్కకు ఒరిగి ఉంది. దాని వెనక ఒక కొత్త సమాధి. తలవైపు రాయి, రాయి మీద లాన్స్ నాయక్ తలపాగా. జేగంట కింద మస్తాను కూర్చుని ఉన్నాడు. మాకు ముఖం పెట్టే కూర్చున్నాడు. ఒళ్ళో తుపాకి. ముందు గులకరాళ్ళు రెండు కుప్పలు. చెంపలు లోపలికి పోయాయి. కళ్ళు పచ్చగా ఉన్నాయి. పెదవులు కదులుతున్నాయి.

కాపలాలో ఉన్నవాడు మనిషి జాడ కనబడగానే 'హుకుందార్' అని గద్దించాలి. ఎవరు వస్తున్నది అని దాని అర్థం. అది పటాలంలో మొదటి పాఠం. మస్తాను గద్దించలేదు. మేము పది అడుగుల దాకా వచ్చాం.

"మస్తానూ" అని పిలిచాను. పలకలేదు. మళ్ళీ పిలిచాను. మూడోసారి పిలిచాను. నా వైపే చూస్తున్నాడు. పలకడం లేదు. వేలు కణుపుల మీద జరుగుతోంది. ఒక గులకరాయి తీసి అవతలి కుప్పలో వేశాడు. తుపాకి ఊతంగా పట్టుకుని లేచాడు. కర్ర తీసుకుని జేగంట మీద పదకొండు కొట్టాడు. కర్ర దాని చోట పెట్టాడు. మా వైపు తిరిగి నిటారుగా నిలబడి, తుపాకి అడ్డంగా పట్టి, "హుకుందార్" అన్నాడు.

మా వెనక ఒకడు కిసుక్కుమన్నాడు.

"మేమేరా" అన్నాను.

"చెప్పాలండి నాయకు గారూ. అడిగినప్పుడు చెప్పాలి."

"పటాలం మనుషులం" అన్నాను. అప్పుడు తుపాకి దించాడు. దించి అక్కడే కూలబడ్డాడు.

జరిగింది ఇది. రెండో రోజే లాన్స్ నాయక్‌కు జ్వరం తలకెక్కింది. మూడో రోజు తెల్లవారాక కాళ్ళు కొట్టుకుంటూ ఇసుక గడియారాన్ని తన్నేశాడు. పగిలింది. గంట తరువాత ప్రాణం పోయింది. ఆ మధ్యాహ్నమే రెండో సిపాయి కబురు చెప్పడానికి కిందికి దిగాడు. వాగు అతన్ని తీసుకుపోయింది. శవం కూడా మాకు దొరకలేదు. అప్పటి నుంచి పదకొండో రోజు దాకా, ఎనిమిది రోజులు, ఆ బండ మీద మస్తాను ఒక్కడే.

అతన్ని డోలీలో మోసుకుంటూ దిగాం. నేను పక్కన నడిచాను.

"మమ్మల్ని చూడలేదా?"

"వాగు దాటుతున్నప్పుడే చూశానండి. ఎర్రకోట్లు. శత్రువులైతే లెక్క వదిలేసి తుపాకి తీసేవాణ్ణి. మనవాళ్ళే కదా. మీరు పిలిచేసరికి ఎనిమిది వందల అరవై దగ్గర ఉన్నానండి. మాట్లాడితే పోతుంది."

"ఏం పోతుంది?"

"గంటండి."

తొమ్మిది వందల ఊపిర్లకు ఒక గంట. వందకొక రాయి. జ్వరం వచ్చిన పూట ఊపిరి తొందరపడుతుంది కాబట్టి పది వందలు లెక్కపెట్టేవాడట. మబ్బు విడిచిన రెండు రోజుల్లో బాయొనెట్టు నేలలో గుచ్చి, దాని నీడ చూసి మధ్యాహ్నాన్ని సరిచూసుకున్నాడట. రాత్రి తొమ్మిది కొట్టి పడుకునేవాడు. అడవికోడి మొదటి కూతకు లేచేవాడు. ఇవన్నీ దూది గురించి చెప్పినట్టే చెప్పాడు.

"భయం వేయలేదా?" అన్నాను.

"ఆయన్ని పూడ్చిన రోజు వేసిందండి. చేతులు కడుక్కుని వచ్చి కూర్చుంటే మాట్లాడడానికి ఎవరూ లేరు. వానొకటే. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఇంటి మీదికి మనసు పోయింది. పోతే ఇంక రాదని తెలుసు. లెక్క మొదలుపెట్టానండి."

"లెక్క పెడితే పోయిందా?"

"మూడు నాలుగు వందల దాకా పోదండి. ఊరికే నోరు తిరుగుతుంది. ఆ తరువాత కుదుటపడుతుంది. పక్కన మనిషున్నట్టు ఉంటుందని చెప్పనండి, అది అబద్ధం. మనిషి లేడన్న బరువు దిగిపోతుంది. నేను తలుచుకునేవాడు నన్ను కూడా తలుచుకుంటాడని మా అమ్మ అనేది. ఎనిమిది రోజులు ఆయన నా పేరెత్తుతుంటే నేనెక్కడ ఒంటరిగా ఉన్నానండీ?"

ఆ మాట మా మౌల్వీ గారి పుస్తకంలో కూడా ఉంది. దేవుణ్ణి తలుచుకుంటేనే గుండెలు నెమ్మదిస్తాయన్న వాక్యం నేను బెత్తం దెబ్బలు తిని కంఠస్థం చేసినవాణ్ణి. గోదావరి యాసలో వినేసరికి గుర్తుపట్టలేదు.

మధ్యాహ్నం మూడు గంటలకు దొర విచారణ పెట్టాడు. ఒక పెట్టె మీద కాగితాలు. సుబేదారు గారు దుబాసీ. వెంట వచ్చిన నలుగురిలో ఒకడు కాపలావాడు గద్దించలేదని అప్పటికే అందరికీ చెప్పేశాడు. గద్దించని కాపలావాడికి, అందులోనూ పితూరీ జరుగుతున్న ప్రాంతంలో, కోర్టు మార్షల్ తప్పదు. సుబేదారు గారు నన్ను పాక చాటుకు పిలిచారు.

"చూడవయ్యా, జ్వరంలో మతి తప్పిందని చెబితే ఇంటికి పంపేస్తారు. లేకపోతే జైలు. నువ్వు ఎలా చెబితే అలా నడుస్తుంది."

"జిక్రుతో గంట లెక్కపెట్టాడండి" అన్నాను.

"దొరకు ఏం చెప్పమంటావు? దేవుడి పేరుతో గడియారం నడిపాడనా? నవ్వుతాడు. నువ్వు నమ్ముతున్నావా?"

నిజం చెబుతున్నాను. ఆ రోజు నేను సగమే నమ్మాను. సగం ముసల్మాను చేసిన జిక్రు కదా.

దొర మొదట నన్ను మార్పిడి ఎందుకు ఆలస్యమైందని అడిగాడు. వాగు పొంగిందన్నాను. రాసుకున్నాడు. మస్తాను గద్దించాడా అని అడిగాడు. లేదన్నాను. మతిలో ఉన్నాడా అని అడిగాడు. మస్తానును ఇద్దరు పట్టుకుని నిలబెట్టారు. అతను నా ముఖంలోకి చూసి తెలుగులో అన్నాడు.

"నాకు మతుందండి నాయకు గారూ. జైలుకైనా పోతాను. అది మాత్రం రాయించకండి."

"జ్వరంలో సంధి మాటలు మాట్లాడుతున్నాడు దొరా" అన్నాను. "మూడుసార్లు పిలిచినా పలకలేదు. ఏదో గొణుక్కుంటున్నాడు."

గొణుక్కుంటున్నాడు. ఆ మాట అన్నది నేను. నా ఎదుట మనిషి అల్లా పేరు అంటున్నాడని తెలిసి అన్నాను. మేలు చేస్తున్నానని అన్నాను. దొర జాలిగా తల ఊపి, మతి చలించింది, ఉద్యోగానికి పనికిరాడు అని రాశాడు. తుపాకి, తూటాలు, ఎర్రకోటు అక్కడే తీసుకున్నారు.

కిందికి పడవలు ఖాళీగా పోవడం లేదు కాబట్టి అతన్ని మాతోనే ఉంచారు. పది రోజుల్లో లేచాడు. కట్టెలు కొట్టాడు, నీళ్ళు మోశాడు. నాతో కోపంగా మాట్లాడలేదు. అవసరానికి మించి కూడా మాట్లాడలేదు.

అక్టోబరులో ఒక ముసలి కొండాయన లొంగిపోయి మా ఠాణాకు వచ్చాడు. హవల్దారు అతనికి ఉప్పు, పొగాకు ఇచ్చి కూర్చోబెట్టాడు. పగలు రెండు గంటల వేళ. మస్తాను అవతల కట్టెలు చీలుస్తున్నాడు.

"ఆ గుట్ట మీద ఎంతమందిని పెట్టారయ్యా?" అన్నాడు ముసలాయన. "వానల్లో మూడుసార్లొచ్చాం. ఎప్పుడొచ్చినా గంట తప్పలేదు. కావలి మారుతున్నారు, లోపల చాలామందున్నారని ఎళ్ళిపోయాం."

"ఒక్కడేనయ్యా ఉన్నది" అన్నాడు హవల్దారు.

"ఒక్కడా? ఒక్కడైతే దిగులెట్టుకోడూ?"

హవల్దారు కట్టెల వైపు చూపించాడు. ముసలాయన చాలాసేపు చూశాడు. లేచి, మస్తాను దగ్గరికి వెళ్ళి, తన పొగాకులో సగం అతని ముందు పెట్టి వచ్చాడు. మా మీద తిరగబడ్డ మనిషి ఇచ్చిన గౌరవం అది. మా పటాలం ఇవ్వలేదు.

తనిఖీకి మళ్ళీ వచ్చిన దొర డేరా అక్కడికి నలభై అడుగులు. ఆ రోజు ఆయన లోపలే ఉన్నాడు. వెళ్ళి చెప్పవలసింది. చెబితే ఏడో రోజు వాగు సంగతి బయటపడుతుంది. హవల్దారు పదవికి నా పేరు అప్పటికే పైకి వెళ్ళి ఉంది. నేను డేరా దాకా వెళ్ళి, పడవ ఎప్పుడొస్తుందని అడిగి తిరిగొచ్చాను.

నవంబరులో నా వంతుగా గుట్ట ఠాణాకు వెళ్ళాను. పగలు తోటి సిపాయిలిద్దరూ గస్తీకి వెళితే ఎనిమిది నుంచి నాలుగు దాకా నేనొక్కణ్ణే. మూడో రోజుకు నాకు కూడా నా గొంతు కొత్తగా వినిపించింది. పక్కన ఆ సమాధి. కింద నది. ఎనిమిది గంటల ఒంటరితనానికే ఆ దిగులును మోయలేకపోయాను. కొత్తగా తెచ్చిన ఇసుక గడియారాన్ని బోర్లించి లెక్క మొదలుపెట్టాను. మౌల్వీ గారి ఉచ్చారణతోనే మొదలుపెట్టాను. రెండో వందలో ఒత్తులు జారిపోయాయి. ఊపిరి మిగిలింది, పేరు మిగిలింది. నాలుగో వంద దాటాక అతను చెప్పినట్టే బరువు దిగింది. ఎనిమిది వందల తొంభై రెండు దగ్గర ఇసుక ఆఖరి గింజ జారింది. ఆ రోజు నుంచి నాకు ఏ సందేహమూ లేదు. ఎనిమిది రోజులు, రోజుకు పదహారు గంటలు, జ్వరంతో, పక్కనే శవాన్ని పూడ్చిన చోటు పెట్టుకుని ఆ మనిషి చేసింది ఇది.

నేను పటాలంలో ఇరవై ఏళ్ళు చేశాను. ధైర్యవంతులను చూశాను. దెబ్బ తగిలాక పరిగెత్తినవాళ్ళనూ, తగలకముందే పడిపోయినవాళ్ళనూ చూశాను. మా కంపెనీ ఆ ఏడు ఒక్క బియ్యం పడవను కూడా పోగొట్టుకోలేదు. ఆ మాట తలుచుకుంటే నాకు ఈ వయసులో కూడా ఛాతీ ఉబ్బుతుంది. ఆ గర్వంలో పెద్ద వాటా ఎవరిదో ఇప్పుడు చెప్పాను.

పోయిన రంజాన్‌లో అతని ఊరు వెళ్ళాను. పంచలో కూర్చుని దూది ఏకుతున్నాడు. జుట్టు మీద, కనుబొమల మీద దూది. నన్ను గుర్తుపట్టి మంచం వాల్చాడు. వాగు సంగతి, ఏడో రోజు సంగతి చెప్పాను. విల్లు పక్కన పెట్టి విన్నాడు.

"తొమ్మిది విని వెళ్ళిపోయారా?" అన్నాడు. "ఆ తొమ్మిది కొంచెం ముందు కొట్టానేమోనని నాకు అనుమానమండి. ఆ పూట జ్వరం."

"సమంగానే ఉంది" అన్నాను. "రాస్తాను మస్తానూ. అచ్చు వేయిస్తాను. మీ మసీదులో చదివి వినిపిస్తాను. నువ్వు చేసింది ఎంత సాహసమో..."

"సాహసమని రాయకండి. నా లెక్క తప్పలేదని రాయండి. మతి లేనివాడికి లెక్క నిలవదు కదండీ. పెద్దలకు అది చాలు."

అందుకని అలాగే రాస్తున్నాను. ఆ ఊరి మసీదు పెద్దలకు నా విన్నపం ఇది. సిపాయి మస్తాను లెక్క తప్పలేదు. ఆనాడు ఇచ్చిన నా సాక్ష్యం అబద్ధం. అతని నోట అజా చెల్లుతుంది. కావాలంటే నేను వచ్చి మసీదు వేదిక మింబరు ముందు ప్రమాణం చేస్తాను.

ఇంకొక్కటి చెప్పాలి. ఆ ఠాణా నుంచి మరుసటి జనవరిలో మేము రాజమహేంద్రవరం తిరిగి వచ్చాం. కోటిలింగాల రేవులో దిగినప్పుడు ఉదయం ఎనిమిది గంటలు. వెళ్ళిన ముప్ఫై ఎనిమిది మందిలో ముప్ఫై ఒక్కరం. అందులో ఒకడు వరుసలో లేడు. పటాలం డోళ్ళు మోగుతున్నాయి. జనం వీధికి రెండు వైపులా నిలబడ్డారు. ఎవరో బంతిపూలు విసిరారు. నలుగురేసి చొప్పున కవాతు చేస్తూ మైదానం వైపు కదిలాం. నా చేతికి హవల్దారు పట్టీ కొత్తగా కుట్టి ఉంది. మెడ తిప్పకూడదు. ఆజ్ఞ అది. అయినా ఎడమ వైపు ఏదో కదులుతుంటే కంటి కొసతో చూశాను. దుకాణాల అరుగుల పక్కన, జనం వెనక, మాసిన పంచెతో, కోటు లేకుండా మస్తాను నడుస్తున్నాడు. సరిగ్గా నా వరుసకు సమంగా. ఎడమ కాలు మా ఎడమ కాలితో పడుతోంది. ముందు నుంచి 'తుపాకి భుజం మార్చు' అని కేక వచ్చింది. ముప్ఫై తుపాకులు కుడి భుజం నుంచి ఎడమ భుజానికి మారాయి. అక్కడ అతని రెండు చేతులు లేచాయి. లేని తుపాకిని కుడి భుజం నుంచి తీసి, ఛాతీ మీదుగా తెచ్చి, ఎడమ భుజాన ఆనించుకున్నాడు. అరుగు మీద ఇద్దరు ముగ్గురు నవ్వారు. ఒకామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అతను ఎవరినీ చూడలేదు. ఎదురుగా చూస్తూ, వేళ్ళను గాలిలో తుపాకి మొదలు చుట్టూ బిగించి, మైదానం దాకా అలాగే వచ్చాడు.